ఆకు సెగ

పచ్చి పొగాకును సెగకు ఆరబెట్టే బ్యారన్ గోడకున్న కంత దగ్గర ముక్కు పెట్టి, లోపల ఆకు ఏ స్థితిలో ఉందో చెప్పగలిగినవాడు ఎర్రవాగుపాలెంలో ఇర్మియా ఒక్కడే. ముప్పై నాలుగేళ్లుగా రైతుల పొగాకు కాలుస్తున్నాడు. ముంజేతుల మీద వెంట్రుక మొలవడం ఎప్పుడో మానేసింది. మాట తక్కువ మనిషి. ఆకు పసుపుకు తిరిగే రెండు రోజులూ ఆ మాత్రం మాట కూడా ఉండదు, ఎవరు పలకరించినా తల ఊపి ఊరుకుంటాడు. ధర్మామీటరు తొంభై అయిదు ఫారన్‌హీట్ దాటకూడదు. పచ్చిగడ్డి వాసన పోయి బెల్లప్పాకం వాసన తగిలితే అప్పుడు నూట పదికి లేపాలి. ఈనె ఎండేనాటికి నూట అరవై. ఏ మొద్దు ఎప్పుడు పొయ్యిలోకి తొయ్యాలో, ఏది ఎప్పుడు వెనక్కి లాగాలో అతని చేతులకు తెలుసు. అడిగితే చెప్పలేడు.

అలాంటి మనిషిని పిలిచి, పొయ్యి లేకుండా ఆకు కాల్చమంది వైదేహి.

ఆ అమ్మాయి ఆ ఊరి రైతు మనవరాలే. హైదరాబాదులో కంప్యూటర్ చిప్పులు డిజైన్ చేసే చోట పదేళ్లు పనిచేసి, తాతగారి పాత బ్యారన్‌ను బాగుచేయించుకుని దాన్నే ప్రయోగశాల చేసుకుంది. ఇనుప గొట్టాలు పీకించి, వాటి చోట నాపరాళ్లంత నల్లటి పలకలు వరసగా పరిపించింది.

"పొయ్యి ఏదమ్మా?" అన్నాడు ఇర్మియా.

"ఇవే పొయ్యి."

"ఏం మండుద్ది?"

"ఏమీ మండదు. ఇవి లెక్కలు చేస్తాయి. చేసీ చేసీ వేడెక్కుతాయి."

ఇర్మియా పలక మీద అరచెయ్యి ఆనించాడు. బాలింత ఒంటిలా వెచ్చగా ఉంది.

"ఎవరి లెక్కలు?"

"ఎవరివీ కాదు, ఇర్మియా గారూ. ప్రపంచంలో ఉన్న యంత్రాలన్నీ ఒకే చిక్కులెక్క మీద పడతాయి. ముందు తేల్చినవాళ్లకి ఒక కాయిన్, అంటే కంప్యూటర్లలోనే చెల్లే డబ్బు, దాని రేటు రోజూ మారుతుంటుంది. మామూలు చిప్పులు ఈ వేడికి చచ్చిపోతాయి. అందుకని చల్లటి గదుల్లో పెట్టి, వేడిని బయటికి తోలేస్తుంటారు. నా పలకలు నూట అరవైలోనూ బతుకుతాయి. వాళ్లు పారేసే వేడితో మనం ఆకు కాల్చుకుందాం."

"అంటే వాళ్ల పొట్టు మనకి గింజ."

వైదేహి నవ్వింది. ఏడాదిగా ఎందరికో చెప్తున్నా ఇంత చిన్న మాటలో తేల్చినవాళ్లు లేరని ఆమెకు అనిపించింది.

ఆ సంక్రాంతికి మొదటి బ్యారన్ ఆకు దిగింది. మూల మూలకూ ఒకే రంగు, నిమ్మపండు పసుపు. పొయ్యి వైపు మాడటం, గోడ వైపు పచ్చిగా ఉండటం లేదు. పొగ మరక లేదు. ఇర్మియా ఒక ఆకు తీసి ఈనె విరిచాడు. టక్కుమంది. ముప్పై నాలుగేళ్లలో తన చేత్తో ఇంత మంచి ఆకు దించలేదని తనకు తానే ఒప్పుకున్నాడు.

ఊళ్లో ఉన్న అరవై రెండు బ్యారన్లకూ పలకలు చేయించాలంటే వైదేహి దగ్గర పెట్టుబడి లేదు. 'సెగ' అని కంపెనీ పెట్టి, రైతుల్ని సొసైటీ హాల్లో కూర్చోబెట్టి, గోడ మీద బొమ్మలు వేసి షేర్ల గురించి చెప్పింది. కాయిన్ రేటు ఎక్కడుంది, ఎంత పడొచ్చు, ఎంత లేవొచ్చు అన్నీ దాచకుండా చెప్పింది. రైతులు చుట్టలు నలుపుకుంటూ విన్నారు. మాలకొండయ్య అనే పెద్దరైతు ఆవులించి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఇర్మియా వైపు తిరిగాడు.

"అమ్మాయి చదువు మనకెక్కదు గానీ, కాల్చినోడివి నువ్వు చెప్పరా. ఎట్టుంది పొయ్యి?"

ఇర్మియా ముందుకొచ్చాడు. భుజం మీది తువ్వాలు విప్పి, అందులోని ఆకు కట్టను మాలకొండయ్య ఒడిలో పెట్టాడు.

అది చేతులు మారింది. ఒకరు వెలుగుకు పట్టి చూశారు, ఒకరు వాసన చూశారు, ఒకరు పిడికిట బిగించి వదిలి, ఆకు మళ్లీ విచ్చుకుంటుందో లేదో చూశారు. విచ్చుకుంది. అంతే. ఆ తర్వాత కాయిన్ అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు. ఆకు మంచిదైతే పొయ్యి మంచిది, పొయ్యి మంచిదైతే పొయ్యి పెట్టినవాడు మంచివాడు. నాలుగు తరాలుగా ఆ ఊళ్లో కొలతబద్ద అదొక్కటే. ఆ నెలంతా కాయిన్ రేటు నిద్రపోతూ ఉంది కాబట్టే పలకలు చెప్పినట్టు విన్నాయన్న సంగతి ఆకు మీద ఎక్కడా రాసిలేదు.

"ఇంకో మాట," అంది వైదేహి లేచి వెళ్తున్నవాళ్లను ఆపి. "రేటు బాగా లేచినప్పుడు పలకలు కాయిన్ల కోసం పూర్తి సెగతో తిరగాలా, ఆకు సెగతో తిరగాలా అన్నది నేను చెప్పను. షేర్లున్నవాళ్లంతా ఫోన్లో నొక్కి చెప్పాలి. ఎటు ఎక్కువ షేర్లుంటే అటు. నా షేర్లకు ఓటు పెట్టుకోలేదు. కంపెనీ మీది."

అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాతి పదిహేను రోజులూ ఇర్మియా తువ్వాల్లో ఆకు కట్ట పెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. రైతుల ఇళ్లలో కష్టం లేకపోయింది. కష్టమంతా తన వాడలోనే. అక్కడ తనలాగా పొగాకు కాల్చేవాళ్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో చిన్నవాడు ఏసోబు. ఇర్మియా దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"అన్నా, ఆకు బాగుంది. కాదన్ను. పొయ్యి పోతే మనమేం కాల్చాల?"

"మీ పని పోద్దని అమ్మాయి కొన్ని షేర్లు ఊరికే ఇస్తానంటంది. ఉన్నకాడికి ఇంకొన్ని కొనండి. ఇయ్యాల్టిదాకా పరాయోళ్ల పొయ్యిలో మొద్దులేశాం. రేపట్నుంచి పొయ్యే మనదవుద్ది."

అన్ని మాటలు ఒక్కసారిగా ఇర్మియా నోట ఎవరూ వినలేదు. అందుకే నమ్మారు. ఏసోబు పెళ్లాం కరుణమ్మ గేదెను అమ్మి షేర్లు తీసుకుంది. పొయ్యిలన్నీ రాళ్లతో పూడ్చారు. గొట్టాలు పాతినుప సామాన్లవాడి ఆటో ఎక్కాయి.

ఇర్మియా అక్క రూతమ్మ వాడలో అందరికంటే ఎక్కువే కొన్నది, అరవై షేర్లు. నలభై ఏళ్లు పరాయి పొలాల పొగాకును బ్యారన్‌లో వేలాడదీసే కర్రలకు అల్లిన మనిషి. మొగుడు పోయి, పిల్లల్లేక, నోరొక్కటే ఆస్తిగా బతికింది. ఆ ఏడు ఎవరూ ఊహించని పని చేసింది. వైదేహి తాతగారి పొలమూ బ్యారనూ కౌలుకు తీసుకుంది. ఆ వాడ నుంచి బ్యారన్ పట్టిన మొదటి మనిషి.

"కాటికి పోయే ముందు నాదీ అని ఒక ఆకు అల్లుకుంటా," అంది. "ఒరే ఇర్మియా, ఆడదాని బ్యారన్ గదా అని అరకొరగా కాల్చావంటే నీ మీసం పీకుతా."

"మీసం యాడుందక్కా నాకు. కాలిపోయి ఎన్నాళ్లయింది!"

"అయితే బతికిపొయ్యావు పో."

పాలెం పాలెమంతా నవ్వింది ఆ రోజు.

కార్తికంలో తుపాను పట్టి రూతమ్మ నాటిన నారంతా కుళ్లింది. మళ్లీ నారు కొని, మళ్లీ నాటింది. దాంతో ఆమె పంట వెనకబడింది. ఏప్రిల్ వచ్చేసరికి ఊళ్లో అరవై ఒక్క బ్యారన్లు ఖాళీ అయ్యాయి. రైతులు బేళ్లు కట్టి వేలానికి తోలుతున్నారు. రూతమ్మ ఆకు మాత్రం అప్పుడే బ్యారనెక్కింది. తొమ్మిది వందల కర్రలు. సగానికి పైగా తన చేత్తోనే అల్లింది.

ఆకు ఎక్కించిన రెండో రోజు పొద్దున ఇర్మియా కంత దగ్గర ముక్కు పెట్టి నిలబడ్డాడు. తొంభై అయిదు. పచ్చిగడ్డి వాసన సగం విరిగింది. రేపు సాయంత్రానికి పండుతుందనుకున్నాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. అతని ఒక్కడిదే కాదు, ఊళ్లో అన్ని ఫోన్లూ ఒకేసారి మోగాయి. టీ కొట్టు దగ్గర, చావిడి దగ్గర, బేళ్ల లారీ మీద.

కాయిన్ రేటు రాత్రికి రాత్రి ఏడింతలైంది. ఫోన్లో రెండు బొత్తాలు కనిపిస్తున్నాయి. పచ్చనిది ఆకు సెగ, ఎర్రనిది పూర్తి సెగ. రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా గడువు.

వైదేహి స్కూటరు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చింది. చున్నీ ఒక భుజం మీది నుంచి జారి చక్రంలో పడబోతున్నా చూసుకోలేదు.

"అమ్మా, ఈ బ్యారన్ ఒక్కదాన్ని విడిగా ఉంచలేవా?" అన్నాడు ఇర్మియా.

"పూర్తి సెగ మొదలైతే అన్ని పలకలూ కలిసి ఒకే లెక్క చేస్తాయి, ఇర్మియా గారూ. ఒక కాడికి కట్టిన ఎడ్లలాగా. ఒకటి ఆగితే మిగతావాటి పనంతా వృథా అవుతుంది. అలా ఉంటేనే పెద్ద కంపెనీలతో పోటీ పడగలం."

"నీ కాడ ఆపే తాళం ఒకటన్నా లేదా?"

"పెట్టుకోలేదు," అంది ఆమె. "నా చేతిలో ఏదన్నా పెట్టుకుంటే మీరంతా నన్ను నమ్మరని..."

ఇర్మియా తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఈసారి అందులో ఆకు కట్ట లేదు.

ముందు మాలకొండయ్య ఇంటికి వెళ్లాడు. ఆయన వసారాలో బేళ్ల మీద కూర్చుని ఫోనే చూస్తున్నాడు.

"అయ్యా, మా అక్క ఆకు ఇంకా పండలేదు. ఇప్పుడు నూట అరవై తగిలితే..."

"పచ్చిది పచ్చిగానే ఎండుద్ది. నాకు చెప్పాలంట్రా?" మాలకొండయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అరవై ఒక్క బ్యారన్లు ఖాళీ. ఒక్క బ్యారన్ కోసం... సరేలే. నా ఆకు నేను అమ్ముకున్నా. పసుపు తిరిగే ఆకును చంపిన పాపం నాకెందుకు." అని పచ్చ బొత్తం నొక్కి చూపించాడు. "మా వాళ్లకూ చెప్తాలే పో."

రైతుల్లో సగం మందికి పైగా అలాగే నొక్కారు. వాళ్ల ధాన్యం గాదెల్లో ఉంది, బేళ్లు లారీల్లో ఉన్నాయి. వాళ్లకు జాలిపడే తీరిక ఉంది. ఇర్మియా గుండె కుదుటపడి వాడ వైపు నడిచాడు. అక్కడ తన మాట చాలనుకున్నాడు.

ఏసోబు ఇంటి ముందు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. పొయ్యిలు పూడ్చాక గ్రానైట్ క్వారీలో పనికి పోతున్నాడు. వీపు మీద పట్టీ వేసి ఉంది. కరుణమ్మ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇర్మియాను చూసి చేట ఎత్తుకుని లోపలికి పోయింది.

ఇర్మియా వచ్చిన పని చెప్పాడు.

ఏసోబు లేవకుండానే విన్నాడు. "అన్నా, పొయ్యి మనదవుద్దన్నావు. అయింది. నాలుగు నెల్లు చల్లగా పడుంది. ఇయ్యాల మొదటిసారి మండతంది. మండేనాడే ఆర్పమంటావే?"

"అక్క ఆకురా."

"ఎరగనా? నాకు చిన్నప్పుడు అన్నం పెట్టిన చెయ్యి." ఏసోబు తల మంచం పట్టెకు ఆనించాడు. "ఆమె ఆకు పోతే ఒక పంట పోద్ది. నేను ఇంకో ఏడు రాయి మోస్తే నేను పోతా. నువ్వే చెప్పు, ఏది నొక్కాల?"

ఇర్మియా వీధిలోకి నడిచాడు. మిగతా పది ఇళ్లకూ వెళ్లాడు. ఒకరు తలుపు తీయలేదు. ఒకరు తీసి, మంచినీళ్లిచ్చి, ఆ మాట తప్ప అన్ని మాటలూ మాట్లాడారు. షేర్లు అమ్మేటప్పుడు ఏ అరుగు మీద కూర్చోబెట్టారో అదే అరుగు మీద కూర్చోబెట్టారు. చీకటి పడే వేళకు బ్యారన్ దగ్గరికి తిరిగొచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తెల్లారి లేచి చూస్తే ఆకు అంచుల్లో పసుపు కనిపిస్తోంది. ఇంకొక్క పూట చాలు.

పన్నెండింటికి ఫోన్లు మళ్లీ మోగాయి.

పూర్తి సెగ. తేడా నలభై షేర్లు.

పలకలు చప్పుడు చెయ్యవు. ధర్మామీటరు మాత్రం నూట అయిదు, నూట ఇరవై, నూట ముప్పై అయిదు అని ఎక్కుతూ పోయింది. ఇర్మియా పై కిటికీలు తెరిచాడు. తెరిస్తే ఆకు ఇంకా తొందరగా ఎండుతుందని గుర్తొచ్చి మూశాడు. పసుపు తిరగబోయే ఆకును బయటికి లాగితే పూటలో నల్లబడుతుంది. ఇంకో బ్యారన్‌లోకి మార్చడానికి ఊళ్లో పొయ్యి అన్నది ఒక్కటీ మిగల్లేదు. తనే తిరిగి తిరిగి పూడ్పించాడు.

మూలనున్న గొడ్డలి తీసుకున్నాడు.

బ్యారన్ వెనక గోడ దగ్గర, లావుపాటి నల్లటి కరెంటు తీగ లోపలికి పోయే చోట, వైదేహి నిలబడి ఉంది. గొడ్డలి చూసి పక్కకు తప్పుకుంది.

"నరికితే అందరి లెక్కా పోతుంది," అంది. "నేను ఆపను. నరకండి."

అతను గొడ్డలి ఎత్తాడు.

"దించరా," అంది రూతమ్మ.

బ్యారన్ తలుపు దగ్గర నుంచి గోడ పట్టుకుని నడిచి వచ్చింది. కొప్పు ఊడి ఉంది. తీగకు అడ్డంగా నేల మీద కూర్చుంది.

"అక్కా, లే. ఇంకా నూట నలభై కాలేదు. పై అరల్లో ఆకన్నా దక్కుద్ది."

"నరికితే వాడలో మొహాలన్నీ నీ మీద పడతాయి. నువ్వు అమ్మిన మాట నువ్వే నరుకుతావా?"

"నాకు మాట వద్దు. నీ ఆకు కావాల."

"నా ఆకును నేనే కాల్చుకున్నా." రూతమ్మ కొంగులోంచి ఫోను తీసి అతని ముందు పడేసింది. "ఎర్రది నొక్కా."

వైదేహి కళ్లు పెద్దవి చేసి చూసింది. నలభై షేర్ల తేడా. రూతమ్మవి అరవై. ఆమె ఇటు నొక్కి ఉంటే ఓటు ఇటే తిరిగేది. ఆ లెక్క ఇర్మియాకూ తెలిసింది. గొడ్డలి చేతిలోంచి జారింది.

"ఎందుకక్కా?"

"కరుణమ్మ వచ్చింది నిన్న మాపున. ఏడవలేదు, అడగలేదు. క్వారీ నుంచి వచ్చినాక నా మొగుడి వీపు చూశావా పెద్దమ్మా అంది. అంతే అని పోయింది." రూతమ్మ ఊడిన కొప్పు ముడేసుకుంది. "ఊరంతా నీ ఆకు కట్ట చూసి షేర్లు కొన్నారు. వాడలో గేదెలమ్మి కొన్నారు. రేపట్నుంచి నువ్వు ఆ వీధిలో తలెత్తుకుని నడవాలి గదా అనుకున్నా. ఆకుదేముంది, ఇంకో ఏడు వేస్తా అనుకున్నా."

ఇర్మియా, వైదేహి ఆమె పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నారు. గోడలోంచి వేడి వీపులకు తగులుతోంది.

"నొక్కినాక పొద్దున వచ్చి తలుపు సందులోంచి చూశాన్రా," అంది రూతమ్మ. "పసుపు తిరగతంది. అబద్ధం చెప్పకూడదు, చేమంతి పూవులాగా తిరగతంది. నాదే అది. మార్చి నొక్కుదామని ఎన్నిసార్లు గీకినా ఆ పాడు ఫోను ఒప్పుకోలా. ఒకసారి నొక్కితే అయిపొయ్యిందంట." వైదేహి వైపు చూసింది. "అట్టా ఎందుకు పెట్టావమ్మా? మనిషన్నాక మనసు మార్చుకోడా?"

"ఒకరిని ఒకరు బెదిరించి ఓటు మార్పించకూడదని..." అంటూ వైదేహి మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

"నన్ను ఒక్క మాట అడిగుంటే..." అన్నాడు ఇర్మియా.

"నువ్వు వచ్చావా? మాలకొండయ్య ఇంటికి పోయావు. ఏసోబు ఇంటికి పోయావు. పాలెంలో గడప గడపా ఎక్కావు." రూతమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది. "నా ఇంటికి రాలా."

నిజమే. ఆమె ఏది నొక్కుతుందో అడగాలని అతనికి తట్టలేదు.

లోపల ఆకు చిటపటమనడం మొదలైంది. సన్నటి వాన రేకుల మీద పడ్డట్టు. ముగ్గురూ అక్కడే కూర్చుని, ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా విన్నారు.

మూడు రోజులకు కాయిన్ రేటు మళ్లీ కిందికి జారింది. పలకలు చల్లబడ్డాయి. ఆ మూడు రోజుల రాబడితో ఏసోబు క్వారీకి పోవడం మానేశాడు. కొన్ని నెలలపాటు మాత్రమేనని అతనికీ తెలుసు.

బ్యారన్ దించే రోజున ఎవరూ పిలవకుండానే పదకొండు మందీ వచ్చారు. ఏసోబు పై అరకు ఎక్కి, కాళ్లు రెండు దూలాల మీద పెట్టి, మొదటి కర్ర చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. తొమ్మిది వందల కర్రల ఆకు, కోసిన రోజు ఎంత పచ్చగా ఉందో అంత పచ్చగా, చేను నిలువునా ఆరేసినట్టు వేలాడుతోంది. ముట్టుకుంటే పొడి.

"దించరా అబ్బాయ్," అంది రూతమ్మ కింది నుంచి. "పట్టుకుని నిలబడితే పసుపు తిరుగుద్దా?"

ఏసోబు ఏడుస్తూ కర్ర కిందికి అందించాడు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి కర్రలు దిగాయి. బ్యారన్ దించేటప్పుడు ఆడవాళ్లు మొగవాళ్ల మీద మాటలు విసురుతుంటారు. ఆ రోజు ఆకు పొడి రాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. కరుణమ్మ వచ్చి రూతమ్మ పక్కన నిలబడింది. రూతమ్మ జరిగి చోటిచ్చింది.

ఆఖరి కర్ర దిగాక ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఇలాంటి ఆకుకు గ్రేడు లేదు, వేలంలో పెట్టేది కాదు.

"చూస్తా నిలబడ్డారేంది?" అంది రూతమ్మ. "ముళ్లు విప్పి కర్రలు జాగర్తగా కట్ట కట్టండి. కర్రలు అద్దెకు తెచ్చినయ్యి."

అందరూ కూర్చున్నారు. ఇర్మియా ఒక కర్ర ఒడిలోకి తీసుకుని ముడి విప్పసాగాడు. ఆకు వేళ్ల మధ్య నలిగి పొడిగా రాలిపోయింది. అక్క వేసిన ముడి మాత్రం ఊడి రాలేదు.